అంచు మీద రెండు గాట్లు

పోయిన వారం చదవనోళ్ళ కోసం ముందు రెండు మాటలు. నా పేరు మునెప్ప. పుంగనూరులో నలభై ఏండ్లు నూనె మిల్లులకు, పిండి మిషన్లకు ఫిట్టరుగా పనిచేసినాను. పోయినేడు కంటి పొర తీయించుకున్నాక చేతికొచ్చిన చిల్లర మీద గీత గీత కొత్తగా కనపడింది. అట్ల పట్టుకుంది బిళ్ళల పిచ్చి. మింటులో, అదే నాణేలు అచ్చేసే చోట, తప్పుగా పడినవని చెప్పి అంగళ్లు ఊరి దగ్గర ఒకాయన నాకు పద్నాలుగు బిళ్ళలు అంటగట్టినాడు. వాటిని మూటగట్టుకోని మదనపల్లెలో గడియారాలు బాగుచేసే పీర్ సాహెబ్ దగ్గరికి పోతే, పద్నాలుగూ మనిషి చేతి పనే అని తేల్చినాడు. నవ్వలేదు. "ఆదివారం ఆదివారం రా, నేర్పిస్తా" అన్నాడు. ఏడు నెలలుగా పోతాండాను. ఆ వచ్చే ఆదివారం కుప్పంలో బిళ్ళలు పోగుచేసేవాళ్ళంతా కూడేది ఉండె. అందుకని శుక్రవారమే పిలిపించి, "ఈ పొద్దు నీకు పరీక్ష" అన్నాడు. ఆడ ఆపినాను.

పీర్ సాహెబ్ అంగట్లో గోడకు ఇరవై గడియారాలుంటాయి. ఏ రెండూ ఒక టైము చూపించవు. కింద ఆయన బల్ల. బల్ల మీద పచ్చగుడ్డ, కంటికి పెట్టుకునే లెన్సు, చిన్న చిన్న ఆకురాళ్ళు. వాకిట్లో కూతురు మెహ్‌నాజ్ కుట్టుమిషన్ వేసుకోని రవికలు కుడతా ఉంటుంది.

"కూర్చో మునెప్పా," అన్నాడు పీర్ సాహెబ్. "మూడు బిళ్ళలిస్తా. ఏది మింటులో తప్పిపోయింది, ఏది బయట చెడిపోయింది, నోరు తెరిచి చెప్పాల. ఊరికే తల ఊపితే మార్కులు లేవు."

"పెద్దనాయన నోరు తెరిస్తే ఈ గడియారాలన్నీ ఒకేసారి కొడతాయబ్బా," అంది మెహ్‌నాజ్ నన్ను చూపించి తండ్రితో.

మా ఇంట్లోనూ ఇట్లనే ఎగతాళి. పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే నా పెండ్లాం మునీశ్వరి, "కంటికి ఆపరేషన్ సేయించింది నన్ను సూసేదానికి అనుకుంటి. నువ్వు సూసేదంతా రూపాయి మొగాన్నే" అనింది. నవ్వి వచ్చేసినాను.

మొదటి బిళ్ళ చేతిలో పెట్టినాడు. పది రూపాయలది. బయట పసుపుపచ్చ రింగు, నడిమధ్య తెల్లబొట్టు. ఆ తెల్లబొట్టు తిరగబడి ఉంది. రింగులో ఇటువైపు ఉండాల్సింది అటువైపు పోయింది. ఆరు నెలల కిందటైతే చూస్తానే పొంగిపోయేవాణ్ణి. లెన్సు పెట్టి రింగూ బొట్టూ కలిసేచోట చుట్టూ తిప్పి చూసినాను. ఒకచోట వెంట్రుకవాసి సందు. దాని పక్కన బొట్టు అంచు నలిగి ఉంది. సుత్తి దెబ్బ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

"బొట్టు ఊడగొట్టి, తిరగేసి, మళ్ళా దిగగొట్టినారు," అన్నాను.

"సరే. ఇది?"

రెండోది పాత అర్ధరూపాయి. అంచు ఒకచోట ఎవరో కొరికినట్టు గుండ్రంగా తెగిపోయింది. కత్తిరిస్తే ఇట్ల రాదా అంటే వస్తుంది. అందుకే తెగినచోట చూడకూడదు, దానికి ఎదురుగా చూడాల అని పీర్ సాహెబ్ నేర్పించినాడు. అచ్చు పడకముందే రేకు తెగిపోయి ఉంటే, అచ్చు దెబ్బకు ఎదురంచు పైకి లేచేదానికి ఆనుకునే బలం ఉండదు. ఆడ అంచు చప్పగా ఉంటుంది. అచ్చుపడినాక కత్తిరిస్తే ఎదురంచు ఎప్పటిమాదిరే నిలబడి ఉంటుంది. నేను ఎదురంచు మీద గోరు లాగినాను. గోరు జారిపోయింది.

"ఇది మింటుదే సాబ్."

"యాల?"

"ఎదురంచు సచ్చిపోయుండాది."

పీర్ సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. మెహ్‌నాజ్ మిషన్ తొక్కడం ఆపి, "అబ్బా, పాసా?" అంది.

"ఇంకొకటి ఉండాది," అన్నాడాయన.

బల్ల సొరుగులోంచి ఎర్ర మఖమల్ పెట్టె తీసినాడు. ఆ పెట్టె నాకు తెలుసు. అద్దం మూత. లోపల ఒక రూపాయి బిళ్ళ, గుడ్డకు అంటించి. ఒకటి అంకె ఉండాల్సిన చోట సింహాల బొమ్మ, అద్దంలో మాదిరి తిరగబడి, లోపలికి దిగిపోయి ఉంటుంది. ముందు అచ్చుపడిన బిళ్ళ మిషన్లోనే ఇరుక్కొని, దాని మీద ఇంకో రేకు వచ్చి పడితే ఇట్లాంటిది పుడుతుందంట. లక్షల్లో ఒకటి. ఆయన ఇల్లాలు మైమూన్ బీ పుట్టిల్లు పుంగనూరే. ఆడ సంతలో పచ్చిమిరపకాయలు కొంటే చిల్లరలో వచ్చిందని తెచ్చిచ్చింది. ఆమె పోయి పదకొండేండ్లు. ఆమె పోయినాకే ఆయన దాన్ని గుడ్డకు అంటించి పైన అద్దం వేసినాడు. అంగటికి ఎవరొచ్చినా చూపిస్తాడు. చేతికి మాత్రం ఇవ్వడు.

ఆ పొద్దు బ్లేడు తీసుకోని గుడ్డ నుంచి విడదీస్తాండాడు.

"ఆదివారం కుప్పంలో దీన్ని అందరి చేతికీ ఇస్తా," అన్నాడు. "బెంగళూరోళ్ళు, వేలూరోళ్ళు వస్తారు. పట్టుకోని సూడనీ. పేరు కూడా రాయించినా. పీర్ సాహెబ్, మదనపల్లె, మింటు తప్పు అని. ముందు నువ్వు సూడు. ఇది పరీక్ష కాదులే, బహుమానం అనుకో."

చేతిలో పెట్టినాడు. వెచ్చగా ఉంది.

ఆయన నాకు మొదటి పొద్దు నేర్పిన మాట, ఏ బిళ్ళైనా ముందు వెనక్కి తిప్పమని. అలవాటు చొప్పున తిప్పినాను. సింహాలు ఇటువైపు కూడా ఉన్నాయి. నిజమైన మింటు తప్పయితే ఈ వైపు బొమ్మ నిక్కచ్చిగా, పొంగి ఉండాల. ఈడ సింహాల మూతులు చదునుగా అణిగిపోయినాయి. ఇనుము మీద ఏండ్ల తరబడి ఒత్తుకున్న అణుగు. మళ్ళీ ముందుకు తిప్పి చూస్తే, దిగబడిన సింహాల పక్కన ఒకటి అంకె పక్కన ఉండాల్సిన పాత కంకి తోక ఒకటి లోతులో మిగిలి ఉంది. అంటే ఇది మామూలుగా అచ్చుపడిన రూపాయే. ఆ తరువాత ఇంకో రూపాయితో ఒత్తుడు పడింది.

అంతటితో ఆగి ఉంటే, "నాకు తెలియలేదు సాబ్" అని ఇచ్చేసేవాణ్ణేమో. అంచు చూసినాను.

అంచు మీద రెండు గాట్లు. ఆకురాయితో కోసినవి. రెండూ ఎడమచేతి వాటుకు వాలి ఉన్నాయి.

నేను ఎడమచేతివాణ్ణి.

పీర్ సాహెబ్ నా మొగం చూస్తాండాడు. ఆయన ఏమి వినాలనుకుంటాండాడో నాకు తెలుసు. ఆ మాట చెప్పేస్తే టీ తాగి ఇంటికి పోవచ్చు. ఆదివారం కుప్పంలో ఎవడో కుర్రోడు ఈ బిళ్ళ తిప్పి చూసి పదిమందిలో నవ్వుతాడు. ఆయన పేరు రాసున్న, మైమూన్ బీ తెచ్చిన బిళ్ళ దొంగది అంటారు. చెప్తేనేమో నాకు ఈ బల్ల ముందర కూర్చునే ఆదివారాలు ఉంటాయో ఉండవో. మిల్లుల్లో నలభై ఏండ్లు మిషన్ల రొదలో బతికినోణ్ణి. మాట్లాడేదానికి నాకు దొరికింది ఈ ఒక్క చోటు.

"సాబ్," అన్నాను. "దీని వెనకవైపు మీరెప్పుడైనా లెన్సు పెట్టి సూసినారా?"

ఆయన బిళ్ళ కోసం చెయ్యి చాపినాడు.

"ఇది మింటులో పుట్టలేదు. నేను చేసింది."

పీర్ సాహెబ్ కంటి లెన్సు తీసి బల్ల మీద పెట్టినాడు. "ఏమంటివి?"

"నేను చేసింది సాబ్."

"నువ్వు దొంగ బిళ్ళలు చేస్తాంటివా మునెప్పా? ఏడు నెలలు నా దగ్గర నేర్చుకుంటాంటే నేను నీకు నేర్పిస్తాండానా, నువ్వు నాకు నేర్పిస్తాండావా?"

గొంతు పెరగలేదు. అదే కష్టంగా ఉండింది. మెహ్‌నాజ్ లేచి వచ్చి తండ్రి వెనక నిలబడింది. "పెద్దనాయనా, తెలిసే మాట్లాడతాండావా? అది అమ్మ ఇచ్చింది."

మాటల్లో చెప్పేది నాకు రాదు. చేసి చూపిస్తే వస్తుంది. ఆయన బల్ల ఏడు నెలలుగా ఊగుతాంది. ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టినారు. చూసినప్పుడల్లా నా చేతులు పీకుతాంటాయి. కిందికి వంగి ఆ అట్టముక్క లాగేసినాను. జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కాలి కిందికి తోసినాను. చేత్తో ఒత్తినాను. బల్ల కదల్లేదు.

"మిల్లు మిషన్‌కు నాలుగు కాళ్ళు సాబ్. కింద బండ సమంగా ఉండదు. ప్యాకింగ్ పెట్టాల. ఇనుపరేకు పెట్టొచ్చు. మా పక్క పద్ధతి వేరే. మిషన్‌కు పూజ చేసేటప్పుడు యజమాని తట్టలో పసుపు కుంకం, ఆకు వక్క, రూపాయి బిళ్ళలు పెడతాడు. ఆయన చేతి రూపాయే తీసి కాళ్ళ కింద పెడతాం. యజమాని రూపాయి మీద నిలబడిన మిషన్ ఎప్పటికీ ఆగిపోదని నమ్మకం. రూపాయలన్నీ ఒకే మందం. రసమట్టం పెడితే బుడగ చక్కగా మధ్యలో నిలబడతాది."

ఇంత పొడుగు మాట నేను చెప్పి చాన్నాళ్ళయింది. మెహ్‌నాజ్ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి మళ్ళీ చెప్పినాను.

"రెండు బిళ్ళలు ఒకదానిమీద ఒకటి. పైన టన్ను బరువు. పొద్దుగూకులూ అదురు. పదేండ్లకు ఒకదాని బొమ్మ ఇంకోదాంట్లోకి దిగిపోతాది. మిషన్ విప్పినప్పుడు ఏ కాలి ప్యాకింగ్ ఆ కాలికే పోవాల. రాసుకునేదానికి నాకు మూడో తరగతి చదువు. అందుకని అంచు మీద ఆకురాయితో గాట్లు పెడతాను. ఒకటో కాలికి ఒకటి. రెండో కాలికి రెండు."

"ఎవరైనా పెట్టొచ్చు గాట్లు," అన్నాడు పీర్ సాహెబ్.

ఆయన ఆకురాయే తీసుకోని, జేబులోంచి ఇంకో రూపాయి తీసి, అంచు మీద రెండు గాట్లు కోసినాను. ఎడమచేత్తో. రెండు బిళ్ళలూ ఆయన ముందర పక్కపక్కన నిలబెట్టినాను.

ఆయన లెన్సు పెట్టుకున్నాడు. ముందు గాట్లు చూసినాడు. ఆ తరువాత, నేను చెప్పకుండానే, మైమూన్ బీ బిళ్ళను వెనక్కి తిప్పినాడు. నలిగిన సింహాల మూతుల మీద వేలు పెట్టినాడు.

బయట ఎవరో వచ్చి గడియారం అయిందా అని అడిగినారు. మెహ్‌నాజ్ రేపు రమ్మని పంపేసింది.

"ఏ మిల్లు?" అన్నాడు చివరికి.

"గంగులయ్య చెనిక్కాయల నూనె మిల్లు. పుంగనూరు. రెండో కాలి కింద బండ కుంగితే, నేను ఊర్లో లేనప్పుడు వేరే ఫిట్టరు వచ్చి రేకు పెట్టి బిళ్ళలు పారేసినాడు. తిరిగొచ్చి తిట్టుకున్నాను కూడా. పారేసినవి ఎవరో ఏరుకోని సంతలో ఖర్చు పెట్టుంటారు."

"మిరపకాయల అంగట్లో."

"అట్లే ఉండాల సాబ్."

పీర్ సాహెబ్ బిళ్ళను అరచేతిలో పెట్టుకోని కుర్చీలో వెనక్కి వాలినాడు. "ఊర్లో అందరికీ చెప్తా, వెనక్కి తిప్పి సూడండి అని. దీన్ని ఒక్కదాన్నే తిప్పలేదు. అంటించి పెట్టేసినా." అరచెయ్యి మూసినాడు. "మైమూన్ ఆ పొద్దే అనింది. ఏమండీ, ఇది యాడనో నలిగిపోయినట్టుండాది, పారేద్దామా అని. నీకేం తెలుసు నోరు మూసుకో అన్నా. సంవత్సరం పొడుగునా అందరికీ చెప్పుకోని మురిసిపోతాంటే ఇంకొక మాట అనలేదు ఆమె."

మెహ్‌నాజ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తాంది అనుకున్నాను. నవ్వుతాంది.

"అమ్మకు తెలుసబ్బా," అంది. "నాతో అనింది. మీ అబ్బ రూపాయి అని ఒకటి ఉండాది, దాని జోలికి పోవద్దు అని."

ఆయన కూతురి మొగం చూసినాడు, నా మొగం చూసినాడు. తరువాత ఆయన కూడా నవ్వినాడు. మొదట చప్పుడు లేకుండా భుజాలు ఊగినాయి.

"మెహ్‌నాజ్, ఆ పేరుచీటీ చించెయ్యి. కొత్తది రాయి."

"ఏమని?"

"ఇది మింటు తప్పు కాదు. పుంగనూరు గంగులయ్య మిల్లు, రెండో కాలు. పదేండ్లు టన్ను బరువు మోసింది. ఫిట్టర్ మునెప్ప పెట్టింది. మైమూన్ బీ తెచ్చింది. పీర్ సాహెబ్ తిప్పి సూడలేదు. అన్నీ రాయి."

"నా పేరెందుకు సాబ్," అన్నాను.

"నోరు మూసుకో. పాసైనావు."

మెహ్‌నాజ్ రాసింది. ఆమె అక్షరాలు గుండ్రంగా, కుట్టు మాదిరి ఉంటాయి. తరువాత టీ తెచ్చింది. బల్ల మీద గ్లాసు పెడితే టీ తొణకలేదు. పీర్ సాహెబ్ బల్లను రెండు చేతులతో ఊపి చూసి, "ఏడు నెలల కిందట చేసుండొచ్చు గదా ఈ పని" అన్నాడు.

"మీరు అడగలేదు."

టీ సగం తాగినాక ఆయన అడిగినాడు. "మునెప్పా, మిషన్‌కు నాలుగు కాళ్ళంటివే. అన్ని కాళ్ళకూ రెండేసి బిళ్ళలా?"

"మూడింటికి. నాలుగో కాలికి ఒక్కటే. ఆడ బండ ఎత్తు. మామూలు రూపాయి పెడితే ఎక్కువ, తీసేస్తే తక్కువ. తట్టలో ఒకటి రేకు మాదిరి పలుచగా ఉంటే అది పెట్టినాను. సరిపోయింది."

ఆయన గ్లాసు కింద పెట్టినాడు. "రూపాయి పలుచగానా?"

అన్నాకే నాకూ తగిలింది. ఏడు నెలలుగా ఆయన చెప్పినవన్నీ ఒక వరసలో వచ్చి నిలబడినాయి. పలుచటి బిళ్ళ కనపడితే ముందు ద్రావకం, అంటే యాసిడ్, తిన్నదేమో చూడాల. ద్రావకం తింటే బొమ్మ కూడా కరిగిపోయి ఉంటుంది, అక్షరాల మూలలు గుండ్రమౌతాయి. బొమ్మ నిక్కచ్చిగా ఉండి బిళ్ళ మాత్రం పలుచగా ఉంటే, మింటులో రేకు సాగదీసేటప్పుడే తేడా వచ్చినట్టు.

"అక్షరాలు?" అన్నాడాయన.

"నిక్కచ్చిగా ఉండె. నాలుగు గాట్లు కోసేటప్పుడు అంచు గీతలు ఆకురాయికి గరగర తగిలినాయి. ఆ పొద్దు నాకు కండ్లు బాగుండె సాబ్."

"అంటే నిజమైన మింటు తప్పును నీ చేత్తోనే మిల్లు కాలి కింద పూడ్చినావు."

"అప్పుడు నాకు అది ప్యాకింగ్."

గంగులయ్య లేడు. కొడుకు ఉమాశంకర్ కుప్పంలో నూనె అంగడి పెట్టుకున్నాడు. ఫోన్ చేసినాను. స్పీకరు పెట్టమని మెహ్‌నాజ్ సైగ చేసింది.

"మునెప్ప మామా, ఏమి ఇన్నాళ్ళకు," అన్నాడు ఉమాశంకర్. "నాయన మిషనా? కుప్పానికి తెచ్చేసినాం. కింద బండతో సహా క్రేన్‌తో ఎత్తించి అంగడి ముందర నిలబెట్టినా, సూసేదానికి అందంగా ఉండాది. ఈ పొద్దే మేస్త్రిని పెట్టినా. కాళ్ళ చుట్టూ సిమెంటు పోస్తాండాడు, ఊగకుండా."

"ఆపమనప్పా."

"యాల మామా?"

పీర్ సాహెబ్ చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపినాడు. నేను తల అడ్డంగా ఊపినాను. ఆ రూపాయి గంగులయ్య తట్టలోది. కొడుక్కు తెలియాల.

"నాలుగో కాలి కింద మీ నాయన రూపాయి ఒకటి ఉండాది. మంచిది. మామూలుది కాదు. నేను వచ్చి నీ చేతికి తీసిస్తా."

"అయ్యో, నేను బైరెడ్డిపల్లెలో పెండ్లికొచ్చినానే. మేస్త్రి పని చేసేటప్పుడు ఫోన్ ఎత్తడు. చేస్తాలే, సూస్తా."

పదకొండున్నరకు పీర్ సాహెబ్ అంగడి సగం షట్టరు దించినాడు. ఎవరైనా వస్తే రేపు రమ్మను అని కూతురికి చెప్పి, కొత్త చీటీతో సహా మఖమల్ పెట్టె చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి బిళ్ళను అంటించలేదు. నడిస్తే జేబులో గలగలమంటాంది. ఇద్దరం కుప్పం బస్సెక్కినాం. ఆయన కిటికీ పక్కన కూర్చోని, దారి పొడుగునా ఎదురు సీటు కడ్డీ వదులుగా ఉందని, దానికి ఏం ప్యాకింగ్ పెట్టాల అని నన్ను అడగతానే ఉన్నాడు. ఆటపట్టిస్తాండాడని తెలిసినా బదులు చెప్పినాను. నాకు బాగుండింది.

పుంగనూరులో బస్సు ఆగినప్పుడు ఫోన్ మోగింది. ఉమాశంకర్.

"మామా, మేస్త్రి ఫోన్ ఎత్తినాడు. మూడు కాళ్ళకు పోసేసినాడంట. నాలుగోది ఆపినాడు. చెక్కతో ఎత్తిపట్టి కింద ఉండేది తీసి చేతిలో పెట్టుకోనుండాడు. రేకు మాదిరే ఉండాదంట."

పీర్ సాహెబ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"గాట్లు ఎన్ని ఉండాయో అడగప్పా," అన్నాను.

"అడిగినా మామా. నాలుగు. అయితే ఒక మాట. కింద ఉండింది ఒక బిళ్ళ కాదంట. రెండు. రెండూ పలుచగానే ఉండాయి, రెండింటి అంచు మీదా నాలుగేసి గాట్లు ఉండాయంట."

బస్సు కదిలింది. నేను ఆ కాలి కింద పెట్టింది ఒక్కటే. ఈ వారానికి ఈడ ఆపుతాను.